చప్పుడుతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంటి ఈతకొలను పైపుల మోత గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ అంతా పంపు పనితీరుకే సరిపోయింది. చప్పుడు రెండో పేజీలో గాని రాలేదు, అదీ ‘వింత శబ్దాలు’ అన్న పొడి మాటతో. పాఠకుడు పంపు పక్కన చెవి రిక్కించి నిలబడి ఉన్నాడు. అతనికి ఉన్న ఆధారం ఆ చప్పుడొక్కటే.

చప్పుళ్ల మాటలకు తెలుగులో కరువా? గులకరాళ్లు పోసి తిప్పినట్టు గరగరమంటే పంపుకు చాలినంత నీరు అందడం లేదన్నమాట. నీటి మీద తేలే చెత్తను లాగే స్కిమ్మరు బుట్టలో ఆకులు నిండాయో, పీల్చే వైపు వాల్వు సగమే తెరిచి ఉందో చూడమను. నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పంపులో నీటిని నెట్టే చక్రం, అదే ఇంపెల్లరు, దగ్గర పగిలే మోత అది. దాని పేరు కేవిటేషన్ అని ఆ తరువాత చెప్పు, నీలా మొదటి వాక్యంలోనే కాదు.

గుడగుడమంటూ కొలనులోకి బుడగలు వస్తుంటే గాలి చొరబడుతున్నట్టు. ఇది నన్ను ఒక సాయంత్రమంతా ఏడిపించింది. కారుతున్న చోటు కోసం పైపులన్నీ తడిమాను, ఎక్కడా తడి లేదు. పీల్చే వైపు సందు ఉంటే, పంపు నడుస్తున్నప్పుడు నీరు బయటికి రాదు, గాలే లోపలికి పోతుందని అప్పటికి తట్టలేదు. చివరకు మోటారు మీద పడకుండా పంపు మూత చుట్టూ చెంబుతో నీళ్లు పోశాను. గుడగుడ ఆగింది. నీళ్లు జారిపోగానే మళ్లీ మొదలైంది. విప్పి చూస్తే మూత కింది రబ్బరు రింగుకు వెంట్రుకంత చీలిక.

మూత విప్పే ముందు కరెంటు ఆపమన్న హెచ్చరిక నీ వ్యాసం చివరలో ఉంది. అది చదివేలోపు చేయి లోపల పెట్టేస్తారయ్యా! విప్పమన్న వాక్యానికి ముందు పెట్టు.

బుట్టలన్నీ శుభ్రం చేసినా పోని కీచుమోత మోటారు బేరింగుది కావచ్చు. ఆపగానే ధడ్ మంటే, వెనక్కి మళ్లిన నీరు, దాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే చెక్ వాల్వును మూసిన దెబ్బ. వీటికి చెరో వాక్యం చాలు.

నీటి వేగం పీల్చే పైపులో సెకనుకు 6 అడుగులు, తిరిగి వెళ్లే పైపులో 8 అడుగులు దాటకూడదన్న లెక్క ఇచ్చావు. ఉంచు. కానీ ఇంట్లో దాన్ని కొలిచేదెవరు? వేగం మార్చగల పంపయితే కాస్త తగ్గించి, మోత తగ్గుతుందేమో వినమని పక్కనే రాయి.

నీటి మట్టం స్కిమ్మరు నోటికి సగం ఎత్తున ఉందో లేదో చూడడానికి పైసా ఖర్చు లేదు. దాన్ని ఏడో అంశం చేసి, పంపు మార్చడాన్ని మూడోది చేశావు!

రింగుకు పెట్రోలియం జెల్లీ పూయమన్న వాక్యం కొట్టేయి. కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు అని రాసి, వ్యాసం తిరిగి పంపించు.