ఇరవై నాలుగేళ్ళకు కరాటే మొదలుపెడితే ఆత్మరక్షణకు పనికొస్తుందా?

అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నానని, రాత్రి షిఫ్టు అయ్యాక సందులో నడవాలంటే భయమేస్తోందని, ఈ వయసులో కరాటే నేర్చుకుంటే లాభం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. కానీ ఎలా నేర్పుతున్నారో చూసుకుని చేరండి.

నేను మొదలుపెట్టింది ఇరవై ఏడేళ్ళకు, మలక్‌పేటలో ఇంటికి దగ్గర్లో ఉన్న క్లాసులో. వరసగా నిలబడి ఇచి, నీ, సాన్ అని జపనీస్‌లో ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ గాల్లోకి పంచ్‌లు కొట్టడం, కటాలు (ఒక వరసలో కూర్చిన కదలికలు) బట్టీపట్టడం, బెల్ట్ టెస్టులు రాగానే ఫీజు కట్టడం. రెండేళ్ళకు గ్రీన్ బెల్ట్ వచ్చింది. ఆ రెండేళ్ళలో ఎవరూ ఒక్కసారి కూడా నా చెయ్యి పట్టుకుని లాగలేదు. ఒక సాయంత్రం కోఠి బస్‌స్టాప్‌లో ఒకడు నిజంగానే పట్టుకున్నాడు. కాళ్ళు కదల్లేదు, గొంతు పెగల్లేదు. పక్కనున్న పెద్దావిడ గట్టిగా అరిచేసరికి వదిలేసి జనంలో కలిసిపోయాడు. ఆ రాత్రంతా నిద్ర లేదు.

తర్వాత వేరే మాస్టర్ గారి దగ్గర చేరాను. మొదటి రోజు హేయాన్ షోదాన్ అనే కటా చెయ్యమన్నారు. నాలుగో కదలిక దగ్గర ఆపి, “ఇదెందుకు చేస్తున్నావమ్మా?” అన్నారు. నాకు తెలీదు. నా కుడి మణికట్టు బిగించి పట్టుకుని “ఇప్పుడు చెయ్యి” అన్నారు.

అప్పుడు అర్థమైంది. ఎంత గట్టి పట్టులోనైనా బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య సందు ఉంటుంది. మణికట్టు సన్నటి అంచు ఆ సందు వైపు వచ్చేలా తిప్పి, ముందున్న కాలు వెనక్కి లాగుతూ ఒళ్ళంతా కలిపి లాగితే చెయ్యి ఊడొస్తుంది. వచ్చిన చెయ్యి అలాగే పైనుంచి తిరిగి, పిడికిలి అడుగు భాగంతో సుత్తి దెబ్బలా పట్టుకున్నవాడి ముంజేతి మీద పడుతుంది. దాన్నే తెట్సుయి అంటారు. పంచ్ కొట్టేటప్పుడు నడుము దగ్గరికి లాక్కునే చేతికి కూడా పని ఉంది. హికితే అంటే వాడి చెయ్యో చొక్కానో పట్టుకుని లాగుతూ రెండో చేత్తో కొట్టడం. గాల్లో చేస్తే ఇదంతా డ్రిల్లులా కనిపిస్తుంది, అంతే.

జపాన్ దీవి ఒకినావాలో కరాటే గురువు ఇతోసు అంకో 1900ల మొదట్లో బడిపిల్లల కోసం కూర్చిన పినాన్ కటాల్లోదే ఈ హేయాన్ షోదాన్. టోక్యోలో 1922లో కరాటే ప్రదర్శించిన ఫునాకోషి గిచిన్ తర్వాత వీటికి హేయాన్ అని పేరు పెట్టారు. ఒక్కో కదలిక వెనక ఇంత పని ఉంది కాబట్టే, “కటాలు వేస్ట్, కుమితే (ఎదురెదురుగా తలపడటం) చాలు” అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను.

కొత్త క్లాసులో అన్నిటికంటే కష్టపడింది అరవడానికే. కియాయ్ అనే ఆ అరుపు గొంతులోంచి కాదు, కడుపులోంచి రావాలి. మాస్టర్ గారు గోడకు నెట్టి, మీద మీదకొస్తూ, “వదలను, ఏం చేస్తావ్?” అంటుంటే అరిచి విడిపించుకుని పరిగెత్తాలి. మొదటి నెల రోజులూ ఏడుపొచ్చేది. కోఠిలో నాకు లేనిది సరిగ్గా ఇదే.

పైకెత్తి తన్నే కిక్‌లు చూసి మోసపోకండి. చుడీదార్‌లో, బ్యాగు భుజాన ఉండగా అవి కుదరవు. మోకాలి కింద ఎముక మీద మాయెగేరి (ఎదురుగా తన్నే కిక్), దగ్గరికొస్తే మోచెయ్యి, ఇవి చాలు. కత్తి కనిపిస్తే ఫోన్ ఇచ్చెయ్యండి, ఆలోచించొద్దు. విడిపించుకున్నాక ఆగి కొట్టొద్దు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఆత్మరక్షణ హక్కు ఇస్తుంది గానీ, అవసరానికి మించి గాయపరిస్తే అది వర్తించదు. దూరం వెళ్ళగానే 112కి ఫోన్ చెయ్యండి. ఆడవాళ్ళ భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నాయి, వెంటపడేవాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యడానికి మొహమాటం అక్కర్లేదు.

డబ్బు కట్టేముందు ఒక రోజంతా కూర్చుని క్లాసు చూడండి. గంటలో పది నిమిషాలైనా ఒకరినొకరు పట్టుకుని విడిపించుకోకపోతే ఇంకోచోటు వెతుక్కోండి. వారానికి మూడు రోజులు వెళ్తే ఆ ఒక్క మణికట్టు కదలిక ఆలోచించకుండా రావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.