నవలల్లో ఉద్యోగానికి పనికొచ్చే పాఠాలు ఉంటాయా?

ఒంగోలులో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు నవలలు ఏమైనా నేర్పుతాయా అని అడిగారు. తప్పకుండా నేర్పుతాయి. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ చూడండి. మొదటి భాగం 1924లో వచ్చింది. బారిస్టరు చదువుకని మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయలుదేరిన కుర్రవాడు దారిలో దొరసానులు పెట్టుకునే టోపీ కొనుక్కుంటాడు. నలుగురూ నవ్వినా వెనక్కి మాత్రం తిరగడు. ఆ పట్టుదల నాకు ఎంతో ఇష్టం.

అయితే అతని అవస్థల్లో చాలావరకు ముందుగా అడిగి తెలుసుకోకపోవడం వల్ల వచ్చినవే. రేపు మీరు చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో చేరారనుకోండి. పలకల మందం ఎంత, పాలిష్ ఏ రకం, కంటైనర్ ఏ రేవుకు వెళ్లాలి? ఆర్డరు కాగితంలో అర్థంకాని ప్రతి మాటనూ సరుకు లారీ ఎక్కకముందే పెద్దవాళ్లను అడగండి. కొత్తవారు అడిగితే ఓపికగా చెప్పేవాళ్లు అక్కడ ఉంటారు.