అమెరికాలో పుల్ల చెర్రీలు: ఏవి కొనాలి, ఎవరు జాగ్రత్తపడాలి, పప్పులోకి ఎలా

"నాన్నగారికి గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు) ఉంది. ఇక్కడికి రాగానే టార్ట్ చెర్రీ, అంటే పుల్ల చెర్రీ జ్యూస్ పట్టించమంటున్నారు. రోజుకు ఎంత ఇవ్వాలి?" వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకునే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. ముందు ఆయన షుగర్ రిపోర్టు చూడండి, జ్యూస్ సంగతి తర్వాత.

చక్కెర కలపని జ్యూసైనా 240 మిల్లీలీటర్ల గ్లాసులో, బ్రాండును బట్టి, 25 నుంచి 33 గ్రాముల చక్కెర ఉంటుంది. అది పండులో ఉన్నదే, కానీ పీచు దాదాపు పోయింది. పుల్లగా ఉంది కదా, షుగరున్నవాళ్లకు పర్లేదులే అనుకుని పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు ఇస్తే వారంలోపే గ్లూకోమీటర్ చెప్పేస్తుంది. అదే పండుగా తింటే 100 గ్రాములకు 50 కేలరీలు, ఎనిమిదిన్నర గ్రాముల చక్కెర. తీపి చెర్రీల్లో దాదాపు 13 గ్రాములుంటుంది.

గౌట్ మాట ఊరికే పుట్టలేదు. 2012లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 633 మంది గౌట్ రోగుల్ని గమనించారు. చెర్రీలు తిన్న రెండు రోజుల వ్యవధిలో నొప్పి తిరగబెట్టే అవకాశం 35 శాతం తక్కువగా కనిపించింది. అయితే అది ఎవరేం తిన్నారో రాసుకుని లెక్కగట్టిన అధ్యయనం. తర్వాత న్యూజిలాండ్‌లో 50 మందికి 28 రోజులు పుల్ల చెర్రీ కాన్సంట్రేట్ (నీరు తీసేసిన చిక్కటి రసం) ఇచ్చి చూస్తే రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గలేదు. అందుకని యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర ఒక్క రోజు కూడా ఆపనివ్వకండి. చెర్రీలు రోగాలు తగ్గిస్తాయని ప్రచారం చేసుకున్న 29 కంపెనీలకు అమెరికాలో ఆహారం, మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక లేఖలు పంపింది.

నిద్ర సంగతీ అంతే. ఈ పండులో నిద్ర పట్టించే మెలటోనిన్ హార్మోన్ ఉన్నమాట నిజమే, కానీ గ్రాముకు 13 నానోగ్రాముల లెక్కన 100 గ్రాములు తిన్నా ఒక మైక్రోగ్రాము పైచిలుకే. షాపులో దొరికే ఒక మిల్లీగ్రాము మాత్రతో పోలిస్తే వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. నిద్ర కాస్త మెరుగైందని చెప్పిన పరీక్షలు చిన్నవి. జెట్‌లాగ్‌కు దీని మీద ఆధారపడొద్దు. మారథాన్ పరిగెత్తేవాళ్లకు కండరాల నొప్పి తొందరగా తగ్గుతుందన్న మాటకు మాత్రం కొంత బలం ఉంది. కిడ్నీ జబ్బుకు పొటాషియం పథ్యం చేస్తున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగాకే జ్యూసు గానీ కాన్సంట్రేట్ గానీ ముట్టాలి. చెర్రీల్లో సహజంగా ఉండే సార్బిటాల్ అనే చక్కెరలాంటి పదార్థం వల్ల ఎక్కువ తింటే ఎవరికైనా విరేచనాలవుతాయి.

కొనేటప్పుడే చాలామంది పొరబడతారు. మన బేకరీ బన్నుల్లోని ఎర్ర చెర్రీ చాలావరకు పాకం పట్టిన వాక్కాయ. ఇక్కడ గ్రాసరీలో గుట్టలుగా పోసే నల్లెరుపు కాయలు బింగ్ అనే తీపి రకం. మీకు కావలసింది మోంట్‌మొరెన్సీ అనే పుల్ల రకం. దేశంలో పండే పుల్ల చెర్రీల్లో సింహభాగం మిషిగన్‌వే. కోత జూన్ చివర్లో మొదలై జులైతో అయిపోతుంది. పండు మెత్తన, దూర ప్రయాణానికి తట్టుకోదు, కాబట్టి తోటల చుట్టుపక్కల తప్ప తాజాగా దొరకడం కష్టం. ఫ్రీజర్ వరసలో చక్కెర లేని సంచి తెచ్చుకోండి. డబ్బాలో కొంటే నీళ్లలో ఉంచినవే కొనాలి. డబ్బా మీద 'పై ఫిల్లింగ్' (pie filling) అని రాసి ఉంటే అందులో గంజిపొడి, చక్కెర ఉంటాయి, కూరకు పనికిరాదు. ఎండు చెర్రీలకు ఎక్కువగా చక్కెర పట్టించే ఉంటుంది. జ్యూస్ కాక్‌టెయిల్ అంటే ఆపిల్ రసమో చక్కెరో కలిపారని అర్థం. ఇరానీ కొట్లలో ఆల్బాలు అని, టర్కీ కొట్లలో విష్నె అని అడిగితే ఇస్తారు. జర్మనీలో ఉన్నవాళ్లు సావర్‌కిర్షన్ అని చూడండి.

ఇక ఈ పండుకు అసలు న్యాయం జరిగేది మన పప్పులో. ముప్పావు కప్పు కందిపప్పుకు ఒకటిన్నర కప్పు గింజ తీసిన చెర్రీలు. రెండూ కలిపి కుక్కర్లో పెట్టేయకండి, పులుపు తగిలితే పప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉండిపోతుంది. పప్పు విడిగా మెత్తగా ఉడికించి మెదపండి. స్టీలు గిన్నెలో చెర్రీలు, నాలుగు చీల్చిన పచ్చిమిర్చి, పావు చెంచా పసుపు, చెంచా ఉప్పు వేసి, ఫ్రీజర్ చెర్రీలైతే కరిగిన రసమంతా పోసి, ఎనిమిది పది నిమిషాలు మగ్గనివ్వండి. కాయ చితికి రసం చిక్కబడ్డాక పప్పు కలిపి ఒక పొంగు రానిచ్చి, వెల్లుల్లి దంచి ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో పోపు పెట్టండి. దీని పులుపు మాలిక్ యాసిడ్‌ది, చింతపండంత ఘాటుండదు. చాలకపోతే దించాక నిమ్మరసం పిండుకోండి. అల్యూమినియం, ఇనుప మూకుళ్లలో వండితే ఎరుపు నల్లబడి లోహపు రుచి వస్తుంది.

తొక్కుకైతే రెండు కప్పుల చెర్రీలు నీరంతా ఇగిరి గరిటెకు అంటుకునేదాకా, ఇరవై ఇరవై ఐదు నిమిషాలు, సన్న సెగన ఉడికించాలి. నాలుగు పెద్ద చెంచాల నువ్వుల నూనె, రెండు పెద్ద చెంచాల కారం, రెండు చెంచాల ఉప్పు, చెంచా ఆవపొడి, అర చెంచా మెంతిపొడి, చిటికెడు ఇంగువ, ఉసిరికాయంత బెల్లం ఇందులో కలపాలి. నీరు మిగిలితే నూనె పైకి తేలదు, తొందరగా బూజు పడుతుంది. నీరు ఇగిరినా ఆవకాయలాగా బయట పెట్టేది కాదు, ఉప్పు అంత లేదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు.

తోటకెళ్లి కోసుకొస్తే తొడిమతోనే కోయండి, తొడిమ ఊడినచోట రసం కారి కుళ్లుతుంది. ఇంటికొచ్చాక అరగంట ఐసు నీళ్లలో ఉంచితే కాయ గట్టిపడి, జడపిన్ను వంపుతో గింజ సులువుగా వస్తుంది. గింజ పొరపాటున మింగితే భయం లేదు. గింజతోసహా మిక్సీలో మాత్రం వేయకండి, పగిలిన గింజ లోపలి పప్పులోంచి సైనైడ్ పుడుతుంది. గింజ తీసిన కాయ గాలికి గోధుమరంగు తిరుగుతుంది కాబట్టి తీసినవి తీసినట్టే పళ్లెంలో ఒక్క వరసగా పరిచి ఫ్రీజర్లో పెట్టి, గట్టిపడ్డాక కప్పున్నర చొప్పున సంచుల్లో కట్టుకోండి. ఒక్కో సంచి ఒక పూట పప్పుకు సరిపోతుంది.