కెమిస్ట్రీ చదువుతూ పాత చిత్రాలను కాపాడే వృత్తిలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా అమ్మాయి నెల్లూరులో బి.ఎస్సీ. కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. బొమ్మలు బాగా వేస్తుంది. కాలేజీవాళ్లతో లేపాక్షి వెళ్లి వచ్చినప్పటి నుంచి పాత చిత్రాలను కాపాడే పనే చేస్తానని పట్టుబట్టింది. మా ఊరి గుడి మండపంలో పాత గోడబొమ్మలు రాలిపోతున్నాయి. వాటికి మళ్లీ రంగులు వేయించాలని కమిటీవారు అనుకుంటుంటే, డబ్బు తీసుకోకుండా తానే వేసిపెడతానని ముందుకొచ్చింది. ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? బి.ఎడ్. చేయించడం మేలా? – ఒక తండ్రి

జవాబు: ముందు గుడి సంగతి చెబుతాను. ఉద్యోగం మాట నిదానంగా మాట్లాడుకోవచ్చు, గోడ మాత్రం ఆగదు. దయచేసి మీ అమ్మాయిని ఆ బొమ్మల మీద కుంచె పెట్టనివ్వకండి. ఆమెకు చేతకాదని కాదు, చేయి తిరిగిన చిత్రకారుడైనా అక్కడ రంగు వేయకూడదు. సున్నపు గోడ తేమను పీలుస్తుంది, వదులుతుంది. మన తీరం వైపు ఆ తేమలో ఉప్పు కూడా ఉంటుంది. పైన ఎనామిల్ పూశారంటే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు ఆ పొర కిందే స్ఫటికాలు కట్టి గారను లోపలి నుంచి నెట్టేస్తుంది. కొన్ని వానకాలాలు గడిచేసరికి కొత్త రంగుతో పాటు పాత బొమ్మ కూడా పెచ్చులుగా ఊడి పడుతుంది.

పేరున్న నిపుణుల చేతుల్లోనూ ఇలాంటి నష్టం జరిగింది. అజంతా చిత్రాలను బాగుచేయడానికి 1920లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని, కౌంట్ ఒర్సినిలను రప్పించింది. రాలిపోతున్న రంగును వాళ్లు గోడకు నిలబెట్టారు, ఆ మేలు కాదనలేం. కాని పైన పూసిన లక్క వార్నిష్ పోనుపోను పసుపెక్కి చిత్రాలనే మసకబార్చింది. దాన్ని తొలగించడానికి తర్వాతి తరాల రసాయనవేత్తలు ఏళ్ల తరబడి శ్రమపడవలసి వచ్చింది. ఇవాళ ఈ వృత్తిలో అడుగుపెట్టిన ప్రతివారికీ మొదట నేర్పేది ఇదే: నువ్వు వాడిన పదార్థాన్ని రేపు మరొకరు అసలు చిత్రానికి దెబ్బ తగలకుండా తీసేయగలగాలి.

అయితే గుడికి మీ అమ్మాయి చేయగలిగిన సేవ చాలా ఉంది. ప్రతి బొమ్మనూ పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయమనండి. చీకటి పడ్డాక టార్చిలైటును గోడ పక్క నుంచి ఏటవాలుగా వేసి మరోసారి తీస్తే, గార ఎక్కడ ఉబ్బిందో, రంగు ఎక్కడ లేచిందో నీడల్లో స్పష్టంగా కనిపిస్తుంది. తేదీలతో ఒక పుస్తకంలో రాసి కమిటీకి ఒక ప్రతి, దేవాదాయ శాఖకు ఒకటి, రాష్ట్ర పురావస్తు శాఖకు ఒకటి ఇవ్వండి. పైకప్పు కారుతుంటే రంగులకు అనుకున్న డబ్బుతో ముందు దాన్ని బాగుచేయించమని కమిటీవారిని ఒప్పించండి. బొమ్మలకు అంతకంటే పెద్ద మేలు లేదు.

ఇక వృత్తి. బొమ్మలు వేయడం ఇష్టం కాబట్టి ఈ పని నచ్చుతుందని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. కాన్వాస్ మీది తైలవర్ణ చిత్రాన్ని శుభ్రం చేసే తీరు చూడండి. సన్నని వెదురుపుల్లకు కాస్త దూది చుట్టి, శుద్ధి చేసిన నీటిలోనో, ముందుగా ఒక మూల పరీక్షించి చూసుకున్న ద్రావకంలోనో తడిపి, చిత్రం మీద దొర్లిస్తారు. రుద్దరు. ఒకసారి దొర్లించి దూదిని చూస్తారు. బూడిదరంగులో ఉంటే అది దుమ్ము, పసుపుగా ఉంటే పాత వార్నిష్. ఎరుపో నీలమో కనిపించిందంటే చిత్రమే వచ్చేస్తోందన్నమాట, చేయి అక్కడే ఆగాలి. దూది మార్చి మళ్లీ మొదలు. రోజంతా కూర్చుంటే అరచేయంత మేర పూర్తవుతుందేమో. రంగు వేసే ఘట్టం అన్నిటికంటే చివర వస్తుంది. అదీ రంగు పూర్తిగా పోయిన చోటనే, దాని అంచు దాటకుండా. తన శైలిని పక్కనపెట్టి ఎప్పుడో పోయిన మరొకరి చేతికి లోబడి పనిచేయాలి. ఈ ఓపిక ఆమెలో ఉందో లేదో మీకంటే ఆమెకే బాగా తెలుస్తుంది.

కెమిస్ట్రీ చదువుతున్నందుకు ఆమె అదృష్టవంతురాలు. ఏ ద్రావకం వార్నిష్‌ను కరిగించి రంగును వదిలేస్తుందో చెప్పేది ఆ శాస్త్రమే. టైటానియం తెలుపు చిత్రకారుల చేతికి వచ్చింది 1920 ప్రాంతంలో. అంతకు ముందరిదని చెప్పే చిత్రంలో అది కనిపిస్తే ఎవరో తర్వాత చేయి చేసుకున్నారని అనుమానించాలి. అతినీలలోహిత దీపం కింద పాత బంక వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, తర్వాత వేసిన అతుకురంగు నల్లటి మచ్చలా తేలుతుంది. ఇలాంటివి చదువుతుంటే ఆమె కళ్లు వెలిగితే నిశ్చింతగా పంపండి.

డిగ్రీ తర్వాత రెండు దారులున్నాయి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ 1989లో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైంది. అక్కడ కన్జర్వేషన్‌లో, అంటే పాత కళాకృతుల పరిరక్షణలో, రెండేళ్ల ఎం.ఏ. ఉంది. అర్హతలను ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోండి. రెండోది ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ. మీ ఇంటి పరిస్థితిలో నేనైతే రెండిటికీ దరఖాస్తు చేయిస్తాను, మొగ్గు మాత్రం ఎం.ఎస్సీ. వైపే చూపిస్తాను. భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు డెహ్రాడూన్ కేంద్రంగా సైన్స్ విభాగం ఉంది. 1917 నుంచి నడుస్తున్న ఆ విభాగంలో రసాయనవేత్తల ఉద్యోగాలకు కావలసింది కెమిస్ట్రీ పట్టానే. అది దొరకకపోయినా ఆ పట్టాతో పాఠాలు చెప్పుకోవచ్చు, పరిశ్రమల్లోకి వెళ్లవచ్చు.

పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఏటా రావు. ఈ మాట దాచి మిమ్మల్ని ఉత్సాహపరచడం నాకు ఇష్టం లేదు. చాలామంది ఏ మ్యూజియంలోనో, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ ప్రయోగశాలలోనో ప్రాజెక్టు ఉన్నంతకాలం ఒప్పందం మీద పనిచేస్తారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో, లక్నోలోని జాతీయ పరిరక్షణ ప్రయోగశాలలో, మైసూరులోని దాని శాఖలో ఇలాంటి పని జరుగుతుంది. మొదటి కొన్నేళ్లు ఇంటికి దూరంగా, చిన్న జీతంతో గడపగలనని ఆమె అంటేనే ముందుకు వెళ్లండి. బి.ఎడ్. తర్వాతైనా చేయవచ్చు, ఇప్పుడే తొందరపడి అందులో చేర్పించకండి.

అంతకంటే ముందు ఈ పనిని దగ్గరగా చూడటం అవసరం. మన రాష్ట్రంలో డిగ్రీకి ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. దాన్ని ఏదో ఒక కంపెనీ కాగితంతో సరిపెట్టనివ్వకండి. కావలిలో రైలెక్కితే చెన్నై కొన్ని గంటల ప్రయాణం. అక్కడి ఎగ్మూర్ ప్రభుత్వ మ్యూజియంలో 1930లోనే పరిరక్షణ ప్రయోగశాల పెట్టారు. తంజావూరు బృహదీశ్వరాలయంలోని చోళుల చిత్రాలను రసాయన దృష్టితో పరిశీలించిన ఎస్.పరమశివన్ అక్కడివారే. ఇంటర్న్‌గా తీసుకుంటారో లేదో అడిగితే గాని తేలదు, అడగడానికి సంకోచించవద్దు. తీసుకున్నా చిత్రాన్ని చేతికిస్తారని ఆశించవద్దు. తేమ కొలతలు రాయడం, ఫొటోలు వరుసలో పెట్టడం, దూదిపుల్లలు చుట్టడం, పెద్దవాళ్ల పక్కన నిలబడి చూడటం, ఇదే పని. విసుగు లేకుండా ఆ కొన్ని వారాలు గడిపిందంటే మీకు సగం జవాబు దొరికినట్టే.

ఉత్తరం కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకంతో వెళ్లాలి. ఏ తేదీల మధ్య వీలవుతుందో, ప్రయోగశాలలో ఏయే పనులు చేసిందో, బస తానే చూసుకుంటుందని అందులో రాయించండి. వేసవి దాకా ఆగకుండా సంక్రాంతికి ముందే పంపండి. నెలలోగా జవాబు రాకపోతే మీరిద్దరూ ఒక పనిదినాన స్వయంగా వెళ్లి కనుక్కోండి.