ఊరి బయట కెమికల్ డ్రమ్ములు పడేసి పోయారు, మొరం కప్పేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా ఊరి అవతల పాత క్వారీ గుంట ఉంది, రాత్రిపూట ఎవరో వ్యాన్‌లో తెచ్చి అందులో డ్రమ్ములు దొర్లించి పోయారు. లేబుళ్ళు గీకేశారు. కొన్ని కారుతున్నాయి, దగ్గరికెళ్తే కళ్ళు మండుతున్నాయి. ఖాళీగా ఉన్నవి రెండు మూడు మావాళ్ళు నీళ్ళు పట్టుకోడానికి ఇంటికి తెచ్చుకున్నారు. సర్పంచ్ గారేమో జేసీబీ పెట్టి మొరం పోయించేద్దాం అంటున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ముందు ఆ జేసీబీని ఆపించండి. బకెట్ తగిలి ఒక డ్రమ్ము పగిలి, అందులో యాసిడ్ పోయి పక్క డ్రమ్ములో సైనైడ్ లాంటిదానితో కలిసిందంటే అక్కడికక్కడే ప్రాణాలు తీసే గ్యాస్ వస్తుంది. ఉబ్బిన డ్రమ్ము కనిపిస్తే లోపల ప్రెజర్ ఉన్నట్టు, మూత చుట్టూ పటిక ముక్కల్లా ఏదైనా గట్టిపడి ఉంటే అది కదిపితేనే పేలే రకం కావచ్చు, అలాంటి వాటి జోలికి తెలిసినవాళ్ళు కూడా నేరుగా పోరు. గాలి వచ్చే వైపు దూరంగా నిలబడి ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి, పిల్లల్నీ గొడ్లనీ అటు పోనివ్వకండి, 112కి ఫోన్ చెయ్యండి, పొల్యూషన్ కంట్రోల్ బోర్డు రీజనల్ ఆఫీసుకీ కలెక్టర్ గారికీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంటికి తెచ్చుకున్న డ్రమ్ముల సంగతి. సర్ఫ్ వేసి ఎన్నిసార్లు కడిగినా లాభం లేదండి, ఆ నీలం ప్లాస్టిక్ సాల్వెంట్‌ని (అంటే వేరే పదార్థాల్ని కరిగించే ద్రవాన్ని) పీల్చుకుని ఉంటుంది, తర్వాత మెల్లగా నీళ్ళలోకి వదుల్తుంది. ప్రమాదకర వ్యర్థాల మీద కేంద్రం తెచ్చిన 2016 రూల్స్ ప్రకారం కెమికల్ అంటిన ఖాళీ డ్రమ్ము కూడా ప్రమాదకర వ్యర్థమే. పాత ఇనుప సామాన్లవాడికి అమ్మడం కూడా వద్దు, వాడు గ్యాస్ కట్టర్ పెడితే పేలుద్ది.

మొరం కప్పడం అంటే చేతులు దులుపుకోవడమే. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్రీ అని ఒక ఊరుంది, అక్కడ హెచ్-యాసిడ్ అనే రంగుల తయారీ కెమికల్ చేసిన ఫ్యాక్టరీలు 2,400 టన్నుల పైగా స్లడ్జ్ (విషపు బురద) ఆరుబయటే వదిలేసి, తియ్యమంటే కొంత మట్టి కింద దాచేసి కొంత చుట్టుపక్కల చల్లేశాయి, వానకి అదంతా దిగి అరవై దాకా బావులు పాడైపోయాయి. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పిస్తే 2011లో కూడా ఆ డబ్బు కోసం కోర్టులో కేసు నడుస్తూనే ఉంది!

ప్రశ్న: డ్రమ్ములు తీసేశాక మట్టి ఎంత లోతు తవ్వుతారు? దాన్ని ఎక్కడ పడేస్తారు?
– అనకాపల్లి నుంచి

జవాబు: ఇన్ని అడుగులు అని లెక్కేం ఉండదు. మచ్చ కనబడినంత మేర తవ్వి, గుంట అడుగునా పక్కలా మళ్ళీ మట్టి తీసి ల్యాబ్‌కి పంపుతారు, రిపోర్ట్ క్లీన్‌గా వచ్చేదాకా తవ్వుతూనే ఉండాలి. మన కాంట్రాక్టర్లు ఎగ్గొట్టేది సరిగ్గా ఈ రెండో టెస్టే, దాని కాపీ అడిగి తీసుకోండి. డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లు నీటికన్నా బరువు, నేలలోకి దిగి భూగర్భ జలం అడుక్కి పోతాయి, కాబట్టి చుట్టుపక్కల బోర్లు చాలాకాలం చెక్ చేస్తుండాలి. అనుమానం ఉన్న బోరు నీళ్ళు కాచుకుని తాగుతాం అంటే కుదరదు, మరిగిస్తే లోహాలు పోవు సరికదా నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడతాయి.

తవ్విన మట్టి తెలంగాణలో అయితే దుండిగల్, మీకు దగ్గర్లో అయితే పరవాడ, అక్కడ వ్యర్థాల ట్రీట్‌మెంట్ కేంద్రాలున్నాయి. లోహాలున్న మట్టిని సిమెంటో సున్నమో కలిపి గట్టిపరిచి ప్లాస్టిక్ షీట్లు పరిచిన గుంటలో పెడతారు, సాల్వెంట్లూ పురుగుమందులూ అయితే కాల్చాలి. లారీతో పాటు ఫారం 10 అనే మానిఫెస్ట్, అంటే ఏ వ్యర్థం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో రాసిన కాగితం, ఏడు కాపీలు కదలాలి, అది లేకుండా లారీ బయల్దేరిందంటే ఇంకో ఊరి గుంటకే పోతోందని నా అనుమానం. కాల్చినా ఊరికే మాయం కాదు లెండి, గ్యాస్ దుర్ఘటన జరిగిన భోపాల్ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాన్ని 2025లో మధ్యప్రదేశ్‌లోనే పీథంపూర్‌లో కాలిస్తే బూడిద అంతకంటే ఎక్కువ తేలింది, పైగా ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న మట్టి, నీళ్ళ సంగతి అలాగే ఉంది.

ప్రశ్న: పడేసినవాడు దొరక్కపోతే డబ్బు ఎవరు పెట్టాలి?

జవాబు: ప్రభుత్వమే. కలుషిత స్థలాల కోసం కేంద్రం 2025 జులైలో విడిగా రూల్స్ తెచ్చింది. అదీ కదలకపోతే చెన్నైలో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ బెంచ్ ఉంది, వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్ళాలి, నష్టపరిహారానికీ స్థలం బాగుచేయించడానికీ అయితే ఐదేళ్ళు టైముంది.