ఉద్దీపన ఖర్చు ఎప్పుడు వృథా అవుతుంది?

మాంద్యంలో జనానికి పని, ఆదాయం దొరకాలని ప్రభుత్వం అప్పు చేసైనా పెట్టే ఖర్చే ఉద్దీపన. తిరుపతిలో బాగున్న సిమెంటు రోడ్డును పగలగొట్టి మళ్లీ వేసినా నలుగురికి పని దొరుకుతుంది కదా, అదీ ఉద్దీపనే కదా అని ఒకరు అడిగారు. కూలి అందుతుంది, జీడీపీలోనూ చేరుతుంది. కానీ ఊరికి కొత్తగా మిగిలింది సున్నా, అప్పు మీద వడ్డీ మాత్రం ఏళ్ల తరబడి కట్టాలి.

అసలు తేడా ఎక్కువగా పనుల వరుసలోనే వస్తుంది. ముందు భూగర్భ డ్రైనేజీ, తర్వాత మంచినీటి పైపు, కేబుళ్లు, చివర రోడ్డు. మార్చి 31లోపు నిధులు ఖర్చు కావాలన్న తొందరలో రోడ్డు ముందు పడుతుంది. ఆరునెలలకే పైపు కోసం కోస్తారు. ఆ కోసిన గాడిని పొరలు పొరలుగా దిమ్మిసతో గట్టిపరచకుండా మట్టితో నింపేస్తారు, తొలి వానకే కుంగుతుంది. ఇది ప్రజల సొమ్మును పాతిపెట్టడమే.

వృథాకు రెండో కారణం ఆలస్యం. టెండరు, భూసేకరణ ముగిసేలోపు మాంద్యమే పోతుంది. అప్పుడు పడే డబ్బు ధరలు పెంచుతుంది. అలాగని తొందరపడినా చిక్కే: అమెరికా 2009లో 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన ప్యాకేజీ తెచ్చింది, తొందరలో చనిపోయినవాళ్ల పేరిట కూడా 250 డాలర్ల చెక్కులు వెళ్లాయి.

చిత్తూరు లాంటి కరువు నేలలో పాత చెరువు పూడిక, తూము, కట్ట మరమ్మతు మేలు: కూలీల వాటా ఎక్కువ, మొదలుపెట్టడం తేలిక, నీళ్లు మిగులుతాయి. మీ వీధి పనిపై అనుమానముంటే సమాచార హక్కు కింద అంచనా ప్రతి, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, లోపాల బాధ్యత గడువు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. గడువులో కుంగితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి.