ఏ ఫెలోషిప్ అన్నది తర్వాత, అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎండీ పాథాలజీ (కణజాలం, రక్తం పరీక్షించి జబ్బు తేల్చే విభాగం) ఆఖరి ఏడాదిలో ఉంది. ల్యాబుల్లో సంతకాలు పెట్టే ఉద్యోగాలే ఉన్నాయని, జీతాలు కూడా అంతంతమాత్రమని అంటున్నారు. ఎండీ తర్వాత చేసే ప్రత్యేక శిక్షణలు, అంటే ఆంకో (క్యాన్సర్), హెమటో (రక్తం), రీనల్ (కిడ్నీ), మాలిక్యులర్ (జన్యు పరీక్షలు) ఫెలోషిప్‌లలో దేనికి ఎక్కువ గిరాకీ? మాలిక్యులర్‌కే భవిష్యత్తని విన్నాం. సంబంధాలు చూస్తున్నాం కాబట్టి తిరుపతి చుట్టుపక్కలే ఉంటే నయం. - ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: సార్, నాలుగు ఫెలోషిప్‌ల పేర్లు రాశారు గానీ, మీ అమ్మాయికి మైక్రోస్కోప్ కింద ఏ స్లైడ్లు చూడటం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. పాథాలజీ పిల్లల తల్లిదండ్రులు నాకు రాసేవన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. పైకి అడిగేది ఫెలోషిప్ గురించి, లోపల గుచ్చుకుంటున్నది 'పేషెంటును చూడని డాక్టరు ఏం డాక్టరు' అని చుట్టాలన్న మాట. ముందు దాన్ని వదిలించుకోండి. గడ్డ కోసి తీసిన సర్జన్ కూడా బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూడాల్సిందే. రొమ్ము క్యాన్సర్‌కు ఈఆర్, పీఆర్, హెర్2 (ఏ రకం మందు పనిచేయొచ్చో చెప్పే గుర్తులు) రిపోర్టు చూడకుండా ఆంకాలజిస్టు మందులు ఖాయం చేయలేడు. ఆ రిపోర్టు మీద సంతకం మీ అమ్మాయి లాంటివాళ్లదే.

ఇక మాలిక్యులర్ మోజు. నాకు దీని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. జన్యు పరీక్షల యంత్రాలు ఉన్నచోటే ఆ చదువు అన్నం పెడుతుంది. మన వైపు ఆసుపత్రులు చాలావరకు ఆ శాంపిళ్లను చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ ల్యాబులకు పంపేస్తాయి. అక్కడైనా యంత్రం దగ్గర పనికి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవాళ్లు ఉంటారు. పైగా పరీక్షకు పంపే బ్లాక్‌లో (మైనంలో భద్రపరిచిన కణజాలం ముక్కలో) కణితి కణాలు ఎంత శాతం ఉన్నాయో ముందు మైక్రోస్కోప్ కింద చూసి చెప్పాలి. ఆ చూపు కుదరక ముందే మాలిక్యులర్‌లోకి దూకితే రెంటికీ చెడ్డట్టే. ఆంకో చేశాక ఆసక్తి ఉంటే అప్పుడు చూసుకోవచ్చు, తొందరేం లేదు. స్లైడ్లన్నీ కంప్యూటరే చూసేస్తుందన్న భయం కూడా వద్దు. ప్రోస్టేట్ బయాప్సీలకు అమెరికా ఎఫ్‌డీఏ 2021లో ఒక సాఫ్ట్‌వేర్‌కు అనుమతిచ్చింది గానీ, అది పాథాలజిస్టుకు సాయంగా వాడుకోవడానికే.

మిగతా మూడింటిలో ఆంకోకు తలుపులు ఎక్కువ. తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో కట్టిన స్వీకార్ క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. హెమటో అంటే బోన్ మ్యారో (ఎముక మజ్జ), ఫ్లో సైటోమెట్రీ (రక్తకణాలను యంత్రంతో రకాలుగా విడదీసి చూసే పరీక్ష). పెద్ద ల్యాబులు, పెద్ద ఆసుపత్రులు వీళ్లను అడుగుతాయి. రీనల్‌కు ఇమ్యునోఫ్లోరెసెన్స్ (మెరిసే రంగులతో కణజాలాన్ని చూసే పద్ధతి), ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉండాలి, కిడ్నీ బయాప్సీలు దండిగా రావాలి. అలాంటి చోట్లు కొద్దే.

ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోండి. చాలా ఫెలోషిప్ సర్టిఫికెట్లను మెడికల్ కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయరు. డీఎం (ఎండీ పైన చదివే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) హెమటోపాథాలజీ లాంటి మూడేళ్ల కోర్సు సంగతి వేరు. అమ్మాయికి మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాలని ఉంటే ఎండీ తర్వాత సీనియర్ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే ఉద్యోగం) చూసుకోవాలి. ఫెలోషిప్ ఏడాదిని దాని కింద లెక్కిస్తారా లేదా అన్నది చేరకముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు కాస్త కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఎండీ దాకా చదివించిన అమ్మాయికి సంబంధాల కోసం తిరుపతి పొలిమేర గీస్తారా? ముంబై టాటా మెమోరియల్‌లో సీటొస్తే పంపించండి. అంత దూరం మనసొప్పకపోతే వెల్లూరు సీఎంసీ మీ చిత్తూరుకు గంట ప్రయాణమే. పెళ్లి ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు. ఉద్యోగం గురించి కూడా అంత బెంగ వద్దు. కష్టమైన బయాప్సీని సొంతంగా తేల్చగల పాథాలజిస్టును ఆసుపత్రులు అంత తేలిగ్గా వదులుకోవు.

చేరే ముందు అక్కడి పాత ఫెలోలతో అమ్మాయిని మాట్లాడమనండి. రోజుకు ఎన్ని కేసులు తానే చూసి రిపోర్టు రాయనిస్తారు, ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ సాగుతుండగానే ముక్కను గడ్డకట్టించి చూసి చెప్పే పరీక్ష) దగ్గర కూర్చోనిస్తారా, కన్సల్టెంట్ పక్కన కూర్చోబెట్టుకుని తప్పులు చెప్తారా అని అడగాలి. ఆ ఫోన్ ఆమే చేయాలి, మీరు కాదు.